అండర్‌టేకర్ ఎన్నిసార్లు చచ్చి బతికాడు?

అమెరికా కుస్తీ ప్రదర్శనల సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) వీరుల మీద ప్రశ్నలు పంపమన్నాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ, శవాలు పూడ్చేవాడి వేషం కట్టిన అండర్‌టేకర్ మీదే. ఒకే సంగతి నలుగురు అడిగినచోట ఒక ఉత్తరం వేసి ఊరుకున్నాం. "అదంతా ఉత్తుత్తిదే కదా, దానికింత చర్చెందుకు?" అన్నవారు మూడో ప్రశ్న చదవండి.

ప్రశ్న: అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలనీ, ఏడుసార్లు చచ్చి లేచాడనీ మా బళ్లో ఒట్టేసి చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు మావాడు అడుగుతున్నాడు. లెక్క తేల్చండి.
– కె.వి.ఆర్., తెనాలి

జవాబు: ఏడు అంకె మన పిల్లల చేర్పు. అతన్ని పెట్టెలో మూసిన, మట్టిలో పూడ్చిన, నిప్పంటించిన పెద్ద ఘట్టాలు ఐదు.

మొదటిది 1994 జనవరి 22న ప్రావిడెన్స్‌లో జరిగిన రాయల్ రంబుల్ అనే పెద్ద ప్రదర్శన. యోకోజునాతో శవపేటిక పోటీ. ఎదుటివాణ్ని పెట్టెలో పడేసి మూత వేసినవాడిదే గెలుపు. యోకోజునాకి సాయంగా ఓ దండు దిగి, అందరూ కలిసి మూత బిగించారు. కాసేపటికి పెట్టె లోపలినుంచి మాట్లాడుతున్నట్టు పెద్ద తెర మీద అండర్‌టేకర్ ముఖం కనపడింది. ఆ తర్వాత హాలు కప్పు వైపు తేలిపోతున్న ఆకారం. "చచ్చిపోయి పైకెళ్లిపోయాడు" అన్న కథ పుట్టింది ఇక్కడే. జరిగింది మాత్రం వెన్నుకి దెబ్బ. నెలల తరబడి విశ్రాంతి కావాలి. శవాలతో సావాసం చేసే మనిషి నడుం నొప్పని సెలవు చీటీ రాస్తే ఆ పాత్ర పరువేం కాను? అందుకని చంపి సాగనంపారు.

తిరిగొచ్చింది అదే ఏడాది ఆగస్టు 29న, షికాగోలో జరిగిన సమ్మర్‌స్లామ్‌లో. తమాషా ఏమిటంటే ఎదుట నిలబడ్డవాడు కూడా అండర్‌టేకరే. బ్రయన్ లీ అనే మల్లయోధుడికి అదే టోపీ, అదే కోటు తొడిగి నకిలీని తయారుచేశారు. గుర్తుపట్టే ఉపాయం చేతుల్లో ఉంది: నకిలీవాడివి పాత బూడిదరంగు తొడుగులు, అసలువాడివి కొత్తగా వేసుకొచ్చిన ఊదారంగు తొడుగులు. "ఒకడు చచ్చాడు, ఇంకొకణ్ని పెట్టారు" అనే రెండో పుకారుకి తల్లివేరు ఇది.

రెండోది 1996 అక్టోబర్ 20, ఇండియానాపొలిస్. సజీవంగా పూడ్చే పోటీలో మ్యాన్‌కైండ్ మీద గెలిచింది ఇతనే. గెలిచాక వెనకనుంచి ముఠా వచ్చి ఇతన్నే పూడ్చేసింది. చివర్లో సమాధి మీద మెరుపు, మట్టిలోంచి పైకి లేచిన చెయ్యి. అక్కడ హాలు నేల సిమెంటు. గొయ్యి తవ్వే వీలే లేదు. మట్టిని ఎత్తుగా దిబ్బలా పోసి మధ్యలో గుంట వదులుతారు. కెమెరా కింది నుంచి చూపిస్తే అది శ్మశానంలా కనిపిస్తుంది.

మూడోది 1998 జనవరి 18, శాన్ హోసే. కథలో తమ్ముడైన కేన్ పెట్టెకి తాళం వేసి నిప్పంటించాడు. తెరిచి చూస్తే లోపల ఎవరూ లేరు. నాలుగోది 2003 నవంబర్ 16, డల్లాస్, అప్పటి సంస్థ యజమాని విన్స్ మెక్‌మాన్‌తో సజీవంగా పూడ్చే పోటీ. ఇది విశ్రాంతి కోసం ఒక్కటే కాదు, వేషం మార్చడం కోసం కూడా. 2000 మే నుంచి అతను మోటారుసైకిల్ మీద వచ్చే మామూలు మనిషి పాత్రలో ఉన్నాడు. ఆ మనిషిని పూడిస్తే 2004 మార్చి 14న రెజల్‌మేనియాలో పాత టోపీ, పాత కోటుతో, పక్కన పాత మేనేజర్ పాల్ బేరర్‌తో మళ్లీ దిగగలిగాడు. ఐదోది 2010 అక్టోబర్ 24, మళ్లీ కేన్ చేతిలోనే.

మీవాడికి చివరి లెక్క కూడా చెప్పండి. అసలు పేరు మార్క్ కాలవే. మొదట కనిపించింది 1990 నవంబర్ 22, సెలవు తీసుకున్నది 2020 నవంబర్ 22. సరిగ్గా 30 ఏళ్లు. రెజల్‌మేనియాలో 25 గెలుపులు, 2 ఓటములు. ఓడించినవాళ్లు 2014లో బ్రాక్ లెస్నర్, 2017లో రోమన్ రేన్స్. మనిషి నిక్షేపంగా ఉన్నాడు.

ప్రశ్న: అక్షయ్ కుమార్ హిందీ సినిమాలో కొట్టింది అసలు అండర్‌టేకర్‌నేనా? పాతికేళ్లుగా మా అన్నయ్యతో పందెం నడుస్తోంది.
– పి.ఎస్., సిద్దిపేట

జవాబు: మీరు ఏ వైపో రాయలేదు. కాదన్నవారు గెలిచారు. 1996లో వచ్చిన 'ఖిలాడియోం కా ఖిలాడీ'లో ఆ వేషం కట్టింది పై జవాబులో చెప్పిన బ్రయన్ లీయే. అంటే ఒకే నకిలీ రెండుచోట్ల పనికొచ్చాడు. అందులో కనిపించిన క్రష్ మాత్రం అసలు క్రష్, బ్రయన్ ఆడమ్స్.

ప్రశ్న: తలకిందులుగా పట్టుకుని నెత్తి నేలకేసి కొట్టే టూంబ్‌స్టోన్ దెబ్బలో మెడ విరగదేం? అది మోసమైతే స్టీవ్ ఆస్టిన్ మెడ నిజంగానే ఎలా దెబ్బతింది?
– డాక్టర్ ఎం., రాజమహేంద్రవరం

జవాబు: ఈ రెండు ప్రశ్నలకీ ఒకటే జవాబు. నెత్తికీ నేలకీ మధ్య మిగిలే జాగా.

టూంబ్‌స్టోన్‌లో దెబ్బ తినేవాణ్ని తలకిందులుగా, పొట్టకి పొట్ట ఆనేలా ఎత్తుతారు. ఎత్తినవాడి చేతులు నడుం చుట్టూ బిగుసుకుని ఉంటాయి. కిందున్నవాడు ఎత్తినవాడి తొడల్ని గాని, నడుముని గాని పట్టుకుంటాడు. ఆ పట్టు లేకపోతే ఒళ్లు జారిపోతుంది. తల రెండు తొడల నడుమ ఇరుక్కుంటుంది. ఇక్కడే చూడాల్సిందంతా ఉంది. నెత్తి మోకాళ్ల మట్టం కంటే పైన ఉండాలి. అప్పుడు ఎత్తినవాడు రెండు మోకాళ్ల మీద దబ్బున కూలితే ముందు నేల తాకేవి మోకాళ్లు, ముంగాళ్లు. నెత్తి నేలకి అందదు. చప్పుడంతా మోకాళ్లది. అందుకే ఈ దెబ్బ కొట్టేవాడి మోకాళ్లకి ఖరీదు, తినేవాడి మెడకి కాదు. వచ్చే ఎత్తు సరిపోకపోయినా, చెమటకి ఒళ్లు జారినా, ఎత్తాక ఒకసారి పైకి కుదుపుకుని పట్టు సర్దుకోవడం మీరు చూసే ఉంటారు. అది బలప్రదర్శన కాదు, తల మట్టం సరిచూసుకోవడం.

1997 ఆగస్టు 3, న్యూజెర్సీలో సమ్మర్‌స్లామ్. ఓవెన్ హార్ట్ ఆస్టిన్‌ని ఇలాగే తలకిందులుగా ఎత్తాడు. మోకాళ్ల మీద కాకుండా కూర్చుంటూ కూలాడు. కూర్చున్నప్పుడు తొడలు నేలకి సమాంతరంగా పరుచుకుంటాయి. మిగిలే జాగా తొడ మందమంతే. ఆస్టిన్ నెత్తి అప్పటికే తొడల అంచు దాటి కిందికి వేలాడుతోంది. ఇద్దరి బరువూ నెత్తి మీద పడి మెడ కుదించుకుపోయింది. కొద్దిసేపు చేతులూ కాళ్లూ కదల్లేదు. ఓవెన్ ప్రేక్షకులతో ఏదో అంటూ కాలయాపన చేస్తుంటే, ఆస్టిన్ పాక్కుంటూ వచ్చి వెనకనుంచి కాళ్లు లాగి చుట్టేసినట్టు చేసి పోటీ ముగించాడు. ఆ చుట్టడంలో పట్టన్నది లేదని ఎవరికైనా కనపడుతుంది. ఓవెనే పడిపోయి, పడి ఉండి కానిచ్చాడు. 2000లో ఆస్టిన్‌కి మెడ శస్త్రచికిత్స అయింది, 2003 రెజల్‌మేనియాతో నిత్యపోటీలు మానేశాడు. ఇలాంటి ప్రమాదాల తర్వాత సంస్థ ఈ తరహా దెబ్బల్ని నిషేధించింది. టూంబ్‌స్టోన్‌ని అండర్‌టేకర్‌కీ కేన్‌కీ మాత్రం వదిలింది.

ఫలితం ముందే రాసుకుంటారన్నది దాపరికమేం కాదు. 1989లో న్యూజెర్సీ చట్టసభ ముందు ఆ సంస్థే ఇది వినోదమని ఒప్పుకుంది. ఆటల నియంత్రణ సంఘం రుసుముల్నీ షరతుల్నీ తప్పించుకోవడానికి. కానీ ఫలితం రాసుకున్నంత మాత్రాన నేల మెత్తబడదు కదా.

ప్రశ్న: మా పిల్లలు పరుపు మీద ఇవన్నీ చేస్తున్నారు. పరుపే కదా అని వదిలేయొచ్చా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: వద్దమ్మా. తల కిందుగా ఉండే ఏ పట్టుకైనా పరుపు గట్టినేల కంటే ప్రమాదం. నేల మీద తల జారి పక్కకి పోతుంది. పరుపులో తల కూరుకుపోయి అక్కడే ఆగిపోతుంది, ఒంటి బరువు మాత్రం దిగుతూనే ఉంటుంది. మడతపడేది మెడ. కుస్తీ బడిలో నేర్చుకునేవాళ్లకి మొదట నేర్పేది ఎత్తడం కాదు, పడటం: గడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి వదులుతూ, వీపు మొత్తం ఒక్కసారిగా తాకేలా, అరచేతులతో నేల చరుస్తూ. నెలల తరబడి అదే. పిల్లలకి టూంబ్‌స్టోన్, పైల్‌డ్రైవర్, డీడీటీ లాంటి తల నేలకేసి కొట్టే పట్లు, మెడ పట్టి విసిరేవి పూర్తిగా కట్టడి చేయండి. తాళ్లకి బదులు మంచం పట్టె మీంచి దూకడం కూడా.

ప్రశ్న: రింగు కింద స్ప్రింగులుంటాయా? అంత చప్పుడెలా?
– జె.ఆర్., కొత్తగూడెం

జవాబు: స్ప్రింగు పెట్టిన రింగులు కొన్నిచోట్ల ఉన్నాయి. పాత కథల్లో విన్నట్టు పరుపు మాత్రం ఎక్కడా లేదు. డబ్ల్యూడబ్ల్యూఈ రింగు 20 అడుగుల చదరం. నాలుగు మూలల ఉక్కు స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా ఉక్కు దూలాలు, దూలాల మీద చెక్క పలకలు, పలకల మీద దాదాపు అంగుళం మందం నురుగు, దాని మీద బిగించి లాగి కట్టిన కాన్వాసు. అంతే. పలకలు దూలాల మధ్య కొంచెం వంగుతాయి. ఆ వంపే దెబ్బని మింగుతుంది, ఆ వంపే చప్పుడు చేస్తుంది. డొల్ల పెట్టె మీద చరిచినట్టు. కింద మైకులు పెట్టి ఆ చప్పుడుని ఇంకా పెంచుతారు. గుద్దు గుద్దేటప్పుడు ముందు కాలితో నేల తన్నడం గమనించండి. మనకి వినిపించేది ఆ కాలి చప్పుడే.

అందరూ మెత్తన అనుకునే అంచు, తాళ్లకి బయట మిగిలే ఆ అడుగున్నర పట్టీ, అన్నిటికంటే గట్టి చోటు. కింద ఉక్కు చట్రం, పలక వంగేందుకు జాగా ఉండదు. అక్కడ వీపు మీద పడ్డవాడు లేవడానికి టైం తీసుకుంటే అది నటన అనుకోకండి.

తాళ్ల సంగతి: డబ్ల్యూడబ్ల్యూఈవి నిజమైన తాళ్లే, పైన టేపు చుడతారు. చాలా చిన్న సంస్థలు ఉక్కు తీగకి నీళ్ల గొట్టం తొడిగి వాడతాయి. తాడైతే సాగుతుంది, కాబట్టి ప్రదర్శనకి ముందు మూలల దగ్గరి మరల్ని తిప్పి బిగించాలి. వదులైతే పైతాడు మీద నిలబడ్డవాడు ఊగి పడతాడు. తీగైతే ఊగదు గాని పక్కటెముకల మీద వాతలు తేలుతాయి.

2003 జూన్‌లో స్మాక్‌డౌన్‌లో బిగ్ షోని బ్రాక్ లెస్నర్ పైతాడు మీంచి విసిరితే రింగు మొత్తం కూలింది గుర్తుందా? అది బరువుకి కూలింది కాదు, కూలేలా ముందే సిద్ధం చేసింది. అలాగని ఆ పడటంలో తేడా ఏం లేదు. అంత ఎత్తునుంచి పడింది ఇద్దరూనూ.

ప్రశ్న: అల్టిమేట్ వారియర్ జబ్బలకి తాళ్లు బిగించి కట్టుకుని నరాలు తెగి చనిపోయాడనీ, తర్వాత వచ్చింది వేరే మనిషనీ విన్నాం.
– ఎ.బి., నెల్లూరు

జవాబు: నెల్లూరులోనే కాదు, అమెరికాలోనూ పిల్లలు ఇదే కథ చెప్పుకున్నారు. 1990 ఏప్రిల్ 1న టొరంటోలో హల్క్ హోగన్‌ని ఓడించిన వారియర్, 1991 ఆగస్టు 26 సమ్మర్‌స్లామ్ తర్వాత మాయమయ్యాడు. డబ్బు దగ్గర యజమానితో పేచీ పడి పంపించేశారు. 1992 ఏప్రిల్ 5న రెజల్‌మేనియాలో తిరిగొచ్చాడు. ఒళ్లు కాస్త తగ్గింది, జుట్టు కత్తిరించుకున్నాడు. ముఖానికి రంగు ఉండనే ఉంది. పోల్చుకోవడానికి పిల్లలకి మిగిలిందేమిటి? "వేరే వాడు" అనేశారు. మొదటినుంచి చివరిదాకా ఒకడే, జేమ్స్ హెల్విగ్. 2014 ఏప్రిల్ 5న హాల్ ఆఫ్ ఫేమ్‌లో సన్మానం, 7న రింగులో ప్రసంగం, 8న గుండెపోటుతో మరణం. చిన్నప్పటి పుకారు కంటే విడ్డూరంగా ముగిసింది.

ప్రశ్న: ఆడపిల్లలం కూడా చూసేవాళ్లం, మీకెవరూ రాయరనుకుంటా! మాకు మాచో మ్యాన్, మిస్ ఎలిజబెత్ జంట ఇష్టం. వాళ్లు నిజంగా భార్యాభర్తలా?
– వి.ఎల్., విజయనగరం

జవాబు: అవును. మాచో మ్యాన్ అసలు పేరుతో ఆడిన ర్యాండీ సావేజ్, ఎలిజబెత్ 1984లోనే పెళ్లి చేసుకున్నారు. తెర మీద పెళ్లి మాత్రం 1991 ఆగస్టులో చేశారు, అప్పటికి అసలు కాపురం ఏడో ఏట ఉంది. మరుసటేడు విడిపోయారు.

మీరు మళ్లీ చూడాల్సింది ఆ పెళ్లి కాదు, దానికి ముందు 1991 మార్చి 24న లాస్ ఏంజెలిస్‌లో జరిగింది. వారియర్ చేతిలో సావేజ్ ఓడాడు. ఓడినవాడు రిటైరవ్వాలన్నది షరతు. అతని మేనేజర్ షెర్రీ కోపంతో అతన్నే తన్నడం మొదలెట్టింది. ప్రేక్షకుల్లో కూర్చున్న ఎలిజబెత్ దూకి వచ్చి ఆమెని ఈడ్చి పారేసింది. ఇద్దరూ కావలించుకున్నారు, జనంలో ఏడుస్తున్నవాళ్లని కెమెరా ఒక్కొక్కరినే చూపించింది. ఇక రింగు దిగాలి. అంతకుముందు ఏళ్లతరబడి సావేజ్ కోసం తాళ్లు ఎత్తి పట్టుకుని నిలబడింది ఎలిజబెత్. ఆ రోజు ఆమె అలవాటుగా తాడు పట్టుకోబోతే అతను ఆపి, తానే తాడు పట్టి ఆమెకి దారిచ్చాడు. ఒక్క మాట లేదు. ఎలిజబెత్ 2003 మేలో, సావేజ్ 2011 మేలో చనిపోయారు.

ప్రశ్న: ఆండ్రే ది జయంట్‌ని ఎత్తి పడేసిన మొదటివాడు హల్క్ హోగనేనా?
– టి.ఎన్., హనుమకొండ

జవాబు: 1987 మార్చి 29న, పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో వ్యాఖ్యాతలు అలాగే చెప్పారు. అది అబద్ధం. మెక్సికోలో ఎల్ కనెక్ ముందే ఎత్తాడు. అంతెందుకు, హోగనే 1980లో షే స్టేడియంలో ఎత్తాడు. చెప్పిన బరువు 520 పౌండ్లు, అంటే 236 కిలోల లెక్క. అంత బరువు ఎత్తబడేవాడి సాయం లేకుండా లేవదు. ఎత్తేవాడి ఒక చెయ్యి కాళ్ల మధ్య నుంచి, ఒకటి భుజం మీదుగా వెళ్తుంది. లేచేవాడు కాలివేళ్ల మీద ఎగిరి, ఎత్తేవాడి తొడ మీద చెయ్యి ఆనించి తన బరువుని తానే నెడతాడు. ఆండ్రే అప్పటికే వెన్ను శస్త్రచికిత్స అయిన మనిషి. సరిగ్గా ఎగరలేడు. అందుకే ఆట మొదట్లో ఎత్తబోయి హోగన్ కింద పడిపోయిన ఘట్టం అంత నమ్మకంగా ఉంటుంది. చివరికి ఎత్తింది సగం హోగన్ బలం, సగం ఆండ్రే మంచితనం. హోగన్ 2025 జులై 24న ఫ్లోరిడాలో కన్నుమూశాడు.

ప్రశ్న: యోకోజునా జపాను వాడు, కమాలా ఉగాండా వాడు, రేజర్ రామోన్ క్యూబా వాడు, కేన్ అండర్‌టేకర్ తమ్ముడు. వీటిలో ఎన్ని నిజం?
– ఎస్.కె., చీరాల

జవాబు: ఒక్కటీ కాదు. యోకోజునా సమోవా కుటుంబం వాడు, పుట్టింది శాన్‌ఫ్రాన్సిస్కో. కమాలాది మిసిసిపీ. రేజర్ రామోన్ అసలు పేరు స్కాట్ హాల్, అమెరికన్. కేన్ అసలు పేరు గ్లెన్ జేకబ్స్, చుట్టరికమేం లేదు. ముసుగు వేసుకోకముందు అతన్ని పళ్ల డాక్టర్ వేషంలోనూ చూశారు, మీకు గుర్తుండకపోవచ్చు. 2018లో టెనెసీలో నాక్స్ కౌంటీ మేయర్ అయ్యాడు. పాల్ బేరర్ మాత్రం కొంత నిజం: ఆయన అసలు వృత్తిలోనే అంత్యక్రియలు జరిపించే లైసెన్సు ఉన్న మనిషి.

ప్రశ్న: అటక మీద డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కార్డుల కట్ట దొరికింది. రబ్బరుబ్యాండు కరిగి అంటుకుపోయింది, కొన్ని కార్డులు ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఎలా కాపాడుకోవాలి? ఆట ఎలా ఆడేవాళ్లమో కూడా సగం మరిచిపోయాం.
– ఆర్.పి., భీమవరం

జవాబు: ముందు కార్డులు. రబ్బరుబ్యాండుని లాగకండి, ఇంకు పొర దాంతో లేచొస్తుంది. గట్టిపడి ఉంటే వేలిగోటితో ముక్కలుగా విరిచి తీయండి. జిగటగా ఉంటే కట్టని ప్లాస్టిక్ సంచిలో మూసి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి, జిగట గట్టిపడుతుంది. సంచిని గది వేడికి వచ్చాకే తెరవాలి, లేకపోతే కార్డుల మీద చెమట పడుతుంది. అతుక్కున్న కార్డుల్ని మూతున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో వారం ఉంచండి. కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే పొట్లాలు చాలు, అయితే వాటిని ముందు ఎండబెట్టుకోవాలి. తేమ పోయాక చాలావరకు వాటంతటవే విడిపోతాయి. విడిపోనివాటి మధ్య పళ్లు శుభ్రం చేసుకునే దారాన్ని మూలనుంచి నెమ్మదిగా రంపంలా జరపండి. ఆగితే ఆపేయండి. బలవంతపెడితే బ్రెట్ హార్ట్ ముఖం షాన్ మైకేల్స్ వీపు మీదికి వెళ్లిపోతుంది.

నీళ్లు, సబ్బు, స్పిరిట్ తగలనీయొద్దు. దుమ్ముకి మెత్తని పొడి కుంచె చాలు. లామినేషన్ అసలే వద్దు. వేడికి ఇంకు మారుతుంది, మళ్లీ ఊడదీయలేరు. చిరిగినచోట సెల్లోటేపు వేస్తే కొన్నేళ్లకి పసుపు మరక మిగులుతుంది. తొడుగులు కొనేటప్పుడు కార్డుని స్కేలుతో కొలిచి కొనండి, మన దగ్గర అచ్చయిన కార్డులు అన్నీ ఒకే కొలత కాదు. వాసన చూడండి. కొత్త రెయిన్‌కోటు వాసనొస్తే అది పీవీసీ. దానిలోంచి కారే జిడ్డు ఇంకుకి అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ అని రాసినవి తీసుకోండి. డబ్బాలో కలరా ఉండలు వేయొద్దు, ప్లాస్టిక్‌కి పడవు. మీది భీమవరం, గాలిలో నీటికి కొదవలేదు. కాబట్టి అటక నుంచి దించి, గోడకి ఆనని బీరువాలో, నేలకి ఎత్తుగా పెట్టండి.

ఇక ఆట. కార్డులు సమానంగా పంచుకుని, బోర్లా పేర్చి, పైకార్డు మాత్రమే చూసుకోవాలి. వంతు వచ్చినవాడు ఒక అంశం పలుకుతాడు: ఎత్తు, బరువు, ఛాతీ, కండ, చేసిన పోటీలు, గెలిచిన పోటీలు, ర్యాంకు. ముద్రించినవారిని బట్టి ఈ పట్టిక కొంచెం మారేది. పెద్ద అంకె ఉన్నవాడు అందరి పైకార్డులూ తీసుకుని అడుగున పెట్టుకుంటాడు, మళ్లీ వంతు అతనిదే. ర్యాంకులో మాత్రం చిన్న అంకెది గెలుపు. గొడవలన్నీ ఇక్కడే. సమానమైతే ఆ కార్డులు మధ్యలో ఉంచి తర్వాతి రౌండు గెలిచినవాడికివ్వాలి. చేతిలో యోకోజునా ఉంటే కళ్లు మూసుకుని బరువు పలకొచ్చు, కానీ అదే కార్డుతో ర్యాంకు పలికే తొందరపాటు పనికిరాదు. అచ్చులో ఉన్న అంకెల్ని మాత్రం నమ్మకండి. ఎత్తులూ బరువులూ సంస్థే పెంచి చెప్పేది, ముద్రాపకులు ఇంకాస్త వడ్డించేవారు.

ప్రశ్న: కేబుల్లోంచి రికార్డు చేసిన వీహెచ్‌ఎస్ క్యాసెట్లు పది ఉన్నాయి. కంప్యూటర్లోకి ఎలా ఎక్కించాలి?
– జి.డి., విశాఖపట్నం

జవాబు: మీది సముద్రపు ఒడ్డు ఊరు. కాబట్టి ముందు బూజు చూడండి. క్యాసెట్ కిటికీలోంచి టార్చి వేసి చుట్ట అంచు చూస్తే నల్లగా నిగనిగలాడాలి. తెల్లని పొడి, సాలెగూడు పోగుల్లాంటివి కనపడితే ఆ క్యాసెట్‌ని వీసీఆర్‌లో పెట్టకండి. బూజు వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్డుకి అంటుకుని మిగతా తొమ్మిదింటికీ పాకుతుంది. దాన్ని విడిగా సంచిలో కట్టి, శుభ్రం చేసేవారికివ్వండి.

బాగున్నవాటిని మొదట చివరిదాకా ముందుకి, తర్వాత మొదటిదాకా వెనక్కి ఒకసారి తిప్పండి. ఏళ్లుగా కదలని టేపు పొరలు విడిపోతాయి, బిగువు సమానమవుతుంది. వీసీఆర్ హెడ్డు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మామూలు తెల్లకాగితం ముక్కని హెడ్డు బిగించిన గుండ్రటి డ్రమ్ముకి ఆనించి, వేలితో డ్రమ్ముని నెమ్మదిగా తిప్పండి. కాగితం కదలకూడదు, కిందికీ మీదికీ రుద్దకూడదు. దూది పుల్ల వాడితే పోగు చిక్కుకుని హెడ్డు విరుగుతుంది. తుడిచాక పావుగంట ఆరనివ్వండి.

వీసీఆర్ వెనక పసుపు సాకెట్ బొమ్మ, ఎరుపు తెలుపు శబ్దం. వీటిని యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి కలిపి, సాఫ్ట్‌వేర్‌లో మన దేశపు వీడియో పద్ధతి 'పాల్' (PAL) ఎంచుకోండి. 720×576, సెకనుకి 25 ఫ్రేములు. అమెరికా నుంచి ఎవరో తెచ్చిన క్యాసెట్ అయితే అది అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. పాల్‌లో వేస్తే బొమ్మ దొర్లుతుంది లేదా రంగు పోతుంది. రెండూ ఆడే వీసీఆర్ కావాలి. బొమ్మ పైభాగం జెండాలా వంగి ఊగుతుంటే టేపు సాగిందని. టైమ్ బేస్ కరెక్టర్ అనే పెట్టె మధ్యలో పెడితే నిలబడుతుంది. అడుగున సన్నని చెదిరిన గీత మాత్రం అన్ని క్యాసెట్లలోనూ ఉంటుంది, దానికి ఖర్చు పెట్టుకోకండి. మాట ఒకచోట, పెదవి ఒకచోట ఉంటే కంప్యూటర్ ఫ్రేములు వదిలేస్తోందని అర్థం. మిగతా కిటికీలన్నీ మూసి మళ్లీ ఎక్కించండి.

సెకనుకి 8 మెగాబిట్ల దగ్గర ఎక్కిస్తే గంటకి 3.6 జీబీ. ఈ-180 క్యాసెట్ మామూలు వేగంలో 3 గంటలు, అంటే సుమారు 11 జీబీ. లాంగ్ ప్లేలో తీసింది 6 గంటలు. పది క్యాసెట్లకి 256 జీబీ జాగా పెట్టుకుని, రెండు వేర్వేరు డిస్కుల్లో ఉంచండి. మధ్యలో వచ్చిన ప్రకటనలు కోసెయ్యకండి, పోటీలు ఎక్కడైనా దొరుకుతాయి గాని అవి దొరకవు. ఇంట్లో చూసుకోవడానికే సుమా, యూట్యూబ్‌లో పెడితే హక్కుల గొడవతో తీసేస్తారు.

ప్రశ్న: డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పేరెందుకు మారింది? పాత పోటీలు ఇప్పుడెక్కడ దొరుకుతాయి?
– ఎన్.వి., ఖమ్మం

జవాబు: అవే అక్షరాలు పాండా బొమ్మ ఉన్న వన్యప్రాణి సంస్థవి కూడా. ఎక్కడెక్కడ వాడుకోవచ్చో 1994లో ఒప్పందం రాసుకుని కుస్తీవాళ్లు దాటేశారు. బ్రిటన్ కోర్టులో ఓడి, 2002 మేలో డబ్ల్యూడబ్ల్యూఈ అయ్యారు. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి ప్రసారాలు నెట్‌ఫ్లిక్స్‌లో వస్తున్నాయి. పాత పోటీలు పూర్తిగా కావాలంటే సంస్థవారి 'డబ్ల్యూడబ్ల్యూఈ వాల్ట్' యూట్యూబ్ చానెల్ ఉచితం.

ప్రశ్న: మా నాన్నగారు దారాసింగ్, కింగ్‌కాంగ్ పోటీల గురించి కథలు కథలుగా చెప్పేవారు. అవీ ఇలాంటివేనా?
– సి.హెచ్., హైదరాబాద్

జవాబు: అవీ టిక్కెట్టు పెట్టి ఆడిన వృత్తి కుస్తీలే, కింగ్‌కాంగ్ అసలు పేరు ఎమిల్ చాయా. కాకపోతే దారాసింగ్ అఖాడా మట్టిలో పెరిగిన పహిల్వాను. 1968 మే 29న బొంబాయిలో అమెరికా మల్లయోధుడు లూ థెజ్ మీద గెలిచాడు. థెజ్ పట్టు తెలిసిన మనిషి, అలాంటివాడి ఎదుట నిలబడాలంటే వేషం ఒక్కటే చాలదు. ఇక మీ ఊళ్లో, 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనా, సేత్ రోలిన్స్ ఒక జట్టుగా ఆడారు. నాన్నగారి కథలకి మీవైపు నుంచి బదులు చెప్పడానికి అదొకటి ఉంది.